మట్టాంచేరి ముందుగది

శుక్ర, శనివారాలు పరదేశి సినగాగ్, అంటే అక్కడి యూదుల ప్రార్థనా మందిరం, మూసి ఉంటుందని తెలిసి, ఆదివారం పొద్దున్నే కొచ్చిలోని మట్టాంచేరి చేరుకున్నాను. జ్యూ టౌన్ సందంతా మసాలా దినుసుల ఘాటు. చివర 1760 నాటి గడియారం బురుజు, దాని పక్కనే 1568లో కట్టిన ఆ మందిరం. మన గుళ్ళలోలాగే చెప్పులు బయట విడవాలి. చాలా దేశాల యూదులకు ఈ అలవాటు లేదు, కేరళ నేల నేర్పింది.

లోపల చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పలకలు పాదాలకు చల్లగా తగిలాయి. చేత్తో చిత్రించినవి కదా, ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. పైన గాజు దీపాల గుత్తులు, ఎదురుగా యూదుల పవిత్ర గ్రంథం తోరా చుట్టలు దాచే పెట్టె.

కానీ నన్ను నిలబెట్టేసింది ఆ వైభవం కాదు, దానికి ముందున్న చిన్న గది. విడుదలైన బానిసల సంతతి అని పేరుపడ్డ యూదులు తరతరాలు అక్కడే కూర్చుని ప్రార్థన వినేవారు. మా ఊరి రామాలయంలో ధ్వజస్తంభం దాటని మనుషులు గుర్తొచ్చారు. గొంతు పట్టేసింది.

సీనాయి కొండ దగ్గర యూదులకు అందిన మాట, మీరు పరిశుద్ధ జనంగా ఉంటారని. ఆ పవిత్రత ఎక్కడుంది? 12వ శతాబ్దపు కవి యెహూదా హలేవి అది వంశంలో ఉందన్నాడు. మతంలో కొత్తగా చేరినవాడు పుట్టుకతో యూదుడైనవాడికి సమానం కాలేడన్నాడు. అదే శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్, మతం మారిన ఒబద్యాకు రాసిన జాబులో, అబ్రాహాము దారి పట్టినవాళ్ళందరికీ ఆయనే తండ్రి, నువ్వూ సంకోచించకుండా 'మా పితరుల దేవుడా' అని ప్రార్థించవచ్చన్నాడు. నా మనసు మైమోనిడీస్ వైపే.

కొచ్చి యూదులకూ అలాంటి తీర్పే అందింది. 16వ శతాబ్దంలో, బానిసల సంతతి అన్నవాళ్ళతో పెళ్ళి సంబంధాల తగవు ఈజిప్టులోని మతపండితుడు డేవిడ్ ఇబ్న్ అబీ జిమ్రా దాకా వెళితే, విధి ప్రకారం శుద్ధి స్నానం జరిగాక పెళ్ళి సంబంధాలకు అడ్డు లేదని ఆయన చెప్పాడు. శాస్త్రం తలుపు తీసింది, ఊరు తియ్యలేదు. ధర్మం కోసం లోకం నుంచి వేరుపడ్డవాళ్ళు తమలో తామే గీతలు గీసుకోవడం నాకు అన్నిటికన్నా బాధనిపించింది.

ఆ ముందుగది వాళ్ళలోనే పుట్టాడు ఏబీ సేలం. లాయరు. గాంధీ దారిలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశాడు, యూదు గాంధీ అనిపించుకున్నాడు. మెల్లగా లోపల చోటు దొరికింది. ఈ జ్యూ టౌన్‌లోనే ఆయన పేరుతో ఒక రోడ్డు ఉంది. వెతుక్కుని వెళ్ళి ఆ బోర్డు దగ్గర కాసేపు నిలబడ్డాను.

1950ల్లో కొచ్చి యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు ఉండాలి. ఇప్పుడు ఆ లెక్క పూర్తి కావాలంటే, ఎక్కడెక్కడి నుంచో వచ్చే యూదు యాత్రికులు ముందుగది దాటి లోపలికి రావాలి.