చింతపండు చేసిన మచ్చ

2024 ఎన్నికలప్పుడు మార్చిలో పోలీసు స్టేషనులో అప్పగించిన నా డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీని, లెక్కింపు అయ్యాక జూన్‌లో ఇంటికి తెచ్చుకున్నాను. కాన్వాసు కవరు విప్పి చూస్తే కుడి గొట్టం మీద జానెడు పొడవున ఎర్రటి తుప్పు. తప్పు నాదే. హడావిడిలో చెమట చేతులతో పట్టుకుని, తుడవకుండా, నూనె రాయకుండా కవర్లో పెట్టేశాను. మాది సముద్రం పక్క ఊరు, గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ చెమ్మనంతా కాన్వాసు మూడు నెలలు పట్టి ఉంచింది.

పట్టాళంలో 18 ఏళ్లు చేసి, తర్వాత 11 ఏళ్లు బ్యాంకు గేటు దగ్గర ఇదే తుపాకీతో నిలబడ్డవాణ్ణి. ఆ ఎరుపు చూసేసరికి కడుపులో దేవినట్టయింది. పట్టాళంలో పుల్‌త్రూ (గొట్టంలోంచి గుడ్డను లాగే తాడు), నూనె సీసా, 4 అంగుళాలకు 2 అంగుళాల చిందీ గుడ్డ అన్నీ వాళ్లే ఇచ్చేవారు. ఇక్కడ దగ్గర్లో తుపాకుల దుకాణమే లేదు. ఇంట్లో ఉన్నవాటితోనే కానిద్దామనుకున్నాను.

మా ఆవిడ ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతుంది, తళతళలాడతాయి. తుప్పూ అలాగే వదులుతుందని ఆ గుజ్జు పట్టించి పది నిమిషాలు ఉంచాను. తుప్పు వదిలింది, దాంతోపాటు గొట్టం నలుపూ పోయింది. వేలెడు మేర తెల్ల ఉక్కు బయటపడింది. ఎంత బాధపడ్డానో చెప్పలేను. గొట్టం మీది నలుపు పెయింటు అనుకుంటాం గానీ, అది ఉక్కు పైపొరను మార్చి తెచ్చిన నల్ల ఐరన్ ఆక్సైడు. ఒక విధంగా అదీ తుప్పే, కాకపోతే కాపాడే తుప్పు. ఎర్రదాన్ని కరిగించే పులుపు నల్లదాన్నీ కరిగిస్తుంది. నిమ్మకాయైనా, వెనిగరైనా అంతే. బాత్రూముకు వాడే యాసిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్లీచింగు నీళ్లు మరీ ప్రమాదం, అవి ఉక్కును గుంటలు గుంటలుగా తినేస్తాయి. దయచేసి ఎవరూ వీటి జోలికి పోవద్దు.

మర్నాడు పద్ధతిగా కూర్చున్నాను. ముందు తూటాలు వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. తుపాకీని మడత దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూశాను. పొయ్యికి దూరంగా వరండాలో పాత దుప్పటి పరిచి, గొట్టాలు, వాటి కింది ముందు చెక్క, భుజానికి ఆనించే బట్టు మూడూ విడదీశాను.

గొట్టాల లోపలికి పెయింటు షాపులో దొరికే టర్పెంటైన్ వాడాను. మసినీ, తూటాలోని ప్లాస్టిక్ డిప్ప వదిలే పొరనీ అది బాగా వదిలిస్తుంది. కిరసనాయిలైనా పనిచేస్తుంది గానీ మాకు దొరకడం ఎప్పుడో మానేసింది. వెదురు కర్రకు పాత బనియను గుడ్డ చుట్టి, తూటా పెట్టే వైపు నుంచి తోశాను. నాది 12 బోరు తుపాకీ, దాని గొట్టం లోపలి కొలత 18.5 మిల్లీమీటర్లు, గుడ్డ అందులో బిగువుగా కదలాలి. ఏడో గుడ్డ తెల్లగా వచ్చింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. టర్పెంటైన్ ఆరిపోయాక లోపల ఒట్టి ఉక్కు మిగులుతుంది, రెండు రోజుల్లో మళ్లీ తుప్పు మొదలవుతుంది. శుభ్రం చేసిన పూటే నూనె పట్టించాలి.

బయట మిగిలిన తుప్పుకు గిన్నెలు తోమే స్టీలు పీచు వాడలేదు, అది నలుపు మీద గీతలు పెడుతుంది. కుట్టుమిషను నూనె రాసి గంట నానబెట్టి, మా అమ్మ పెట్టెలోని పాత రాగి కాణీ అంచుతో మెల్లగా గీశాను. ఉక్కుకన్నా రాగి మెత్తన. తుప్పు ఊడింది, నలుపు మిగిలింది. నంబరు చెక్కి ఉన్నచోట మాత్రం గుడ్డా వేలూ తప్ప ఇంకేమీ వాడలేదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 8 ప్రకారం ఆ నంబరు చెరిపేయడం నేరం. ఎమరీ కాగితంతో మోటుగా రుద్ది అక్షరాలు అరగదీసుకుంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మనమే.

మా వైపు తుపాకీకి కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. చలికాలంలో అది పేరుకుంటుంది, పాతబడితే బంకలా పట్టి యాక్షన్‌ని, అంటే తుపాకీని తెరిచి మూసి పేల్చే భాగాలని, బిగదీస్తుంది. కుట్టుమిషను నూనె పలచన, బంక కట్టదు. గుడ్డకు నాలుగు చుక్కలు వేసి లోపలా బయటా రాసి, పొడిగుడ్డతో ఒకసారి లాగేస్తే చాలు. మడత పిన్ను దగ్గర చిటికెడు గ్రీజు పెట్టాను. బట్టు చెక్కకు క్రికెట్ బ్యాటుకు రాసే అవిసె నూనె రాశాను. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నేను తీగ మీద విడిగా పరిచి ఆరబెట్టి పారేశాను. మసిలో సీసం ఉంటుంది కాబట్టి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే అన్నం దగ్గర కూర్చున్నాను.

కాన్వాసు కవరు మానేశాను. ఇప్పుడు పాత పంచె చుట్టి, గొట్టం మూతి కిందికి ఉండేలా బీరువాలో నిలబెడుతున్నాను. అలా పెడితే నూనె చెక్కలోకి దిగి దాన్ని మెత్తబరచదు. చింతపండు పెట్టినచోట మచ్చ అలాగే ఉంది. నలుపు లేదు కాబట్టి నూనె ఆరితే మొదట ఎర్రబడేది అక్కడే. వానాకాలం వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి బయటికి తీస్తాను. గుడ్డ ముందు ఆ మచ్చ మీదికే పోతుంది.