చార్జింగ్ బండి బరువుండాల్నా, తేలికుండాల్నా

మా బడిల వేప చెట్టు కింద ఇప్పుడు నాలుగు చార్జింగ్ బండ్లు, అంటే కరెంట్ స్కూటర్లు, నిలబడుతున్నయి. మూడేండ్ల కింద ఒక్కటి గూడ లేకుండె. మొదలు నేను కొన్న, నా ఎనుక లెక్కల సార్, తర్వాత హిందీ మేడం, మొన్న జూన్ల పీఈటీ సార్. నాలుగు బండ్లు నాలుగు తీర్లు, నలుగురివి నాలుగు మాటలు. అన్నం తినేటప్పుడు ముచ్చట మొదలైతె బెల్లు కొట్టేదాకా ఒడువది. మొన్న మా చెల్లె ఫోన్ చేసి అక్కా నేను గూడ తీసుకుందామనుకుంటున్న ఏది తీసుకోవాలె అని అడిగింది, దానికి ఫోన్ల చెప్పుడు మొదలువెట్టి ఇది ఒక్క మాటల అయ్యేది కాదు రాసి పంపుతా అన్న. అందుకే ఇది.

లెక్కల సార్‌ది రేకు బాడీ బండి. ఎవరన్న కొత్తోళ్ళు అడిగితె ఆయన ముందుగాల చేసే పని బండి పక్కన వేలు మడిచి కొట్టుడు, టంగ్ మని సప్పుడొస్తది, "ఇగో ఇదీ బండంటే" అంటడు. తర్వాత నా ప్లాస్టిక్ బాడీ బండి మీద కొడ్తడు, డబ్ డబ్ మంటది. "మేడం, ఇది బకెట్ మేడం, నీళ్ళు తోడుకునే బకెట్" అంటడు. నాకు కోపమొస్తది నిజంగనే. ఎందుకంటె ఆ బకెట్ మీదనే నేను మూడేండ్లల్ల 30 వేల కిలోమీటర్లు తిరిగిన. భీమారం నుంచి కేయూ క్రాస్, హనుమకొండ, ములుగు రోడ్డు, ఆరెపల్లి, గూడెప్పాడ్ దాటి మా బడి, పోను రాను దగ్గరదగ్గర యాభై.

ఇంట్ల మా మామయ్యది గూడ లెక్కల సార్ మాటనే. భూపాలపల్లిల సింగరేణిల చేసి రిటైరైండు, పాత గేర్ల స్కూటర్ ఇరవై ఏండ్లు నడిపిండు. "ఇనుము సొట్టవోతె కొట్టి సాఫ్ చేపిస్తం, ప్లాస్టిక్ పలిగితె ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగిండు నేను బండి తెచ్చిన దినమే. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేకుండె, ఏడాదికి దొరికింది, అది గూడ ఆయన దిక్కే దొరికింది. బడి గేటుకు తాకి ముందు ప్యానెల్ లోపలి క్లిప్పులు రెండు విరిగినయి. క్లిప్పు అంటే ఎంత, చిటికెనవేలు గోరంత. అది ఒక్కటి అమ్మరంట, ప్యానెల్ మొత్తం మార్చాలెనంట, ఆర్డర్ పెడితె నెలన్నరకు వచ్చింది. ఆ నెలన్నర దారం తోని కట్టుకొని తిరిగిన, గుంతల పడ్డప్పుడల్ల గిలక లెక్క గడగడ. అదే మామయ్య పాత స్కూటరైతె హన్మకొండ చౌరస్తల డెంటింగాయన దగ్గర సాయంత్రానికి అయిపోయేది.

కానీ బరువు సంగతి వేరే, ఇది మగోళ్ళు జల్ది ఒప్పుకోరు.

మా గల్లీల సీసీ రోడ్డు వోసినంక మా గేటు కాడ ర్యాంపు నిట్టనిలువు అయింది. రోజు సాయంత్రం ఆ ర్యాంపు మీదికి బండి ఎక్కించాలె, పొద్దుగాల వెనకకు దించాలె, నా బండికి రివర్స్ లేదు. నా బండి 110 కిలోల లోపు. రేకు బాడీ అంటే మనకు గుర్తొచ్చేది బజాజ్ వాళ్ళ చార్జింగ్ చేతక్, దాంట్ల పెద్ద బ్యాటరీది 130 కిలోలు దాటుతది. వేరే కంపెనీల బండ్లు చూస్తె ఏథర్ 450ఎక్స్ 110 అటూ ఇటూ, టీవీఎస్ ఐక్యూబ్‌ల చిన్న బ్యాటరీలవి 115-119 మధ్యల. కాగితం మీద ఇరవై కిలోల తేడా అంటే ఏముంది అనిపిస్తది. రేషన్ షాపు కాడ నిలబడ్డోళ్ళకు తెలుసు ఇరవై కిలోల బియ్యం అంటే ఎంతనో. ఆ బియ్యం మూట బండి మీద వేసుకొని ర్యాంపు ఎక్కించు, వానల, చెప్పులు జారుతుంటే, ఒక చేతిల బడి సంచి పట్టుకొని. అప్పుడు మాట్లాడుదాం టంగ్ మన్నదా డబ్ మన్నదా అని.

హిందీ మేడం కష్టం ఇంకో తీరు. వాళ్ళది నయీంనగర్ల రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, కింద చార్జింగ్ పాయింట్ పెట్టనియ్యనని ఇంటాయన ఖరాకండిగ చెప్పిండు. అందుకే బ్యాటరీ తీసి పైకి తీసుకపోయే బండి తీసుకుంది. విడా వీ1 లాంటి బండ్లల్ల రెండు బ్యాటరీలు ఉంటయి, ఒక్కొక్కటి పది పదకొండు కిలోలు. మొదట్ల రెండు చేతుల రెండు పట్టుకొని ఒక్కసారే ఎక్కేది, మోకాళ్ళు గుంజి ఇప్పుడు రెండు సార్లు ఎక్కుతున్నది. ఆమెకు బండి మొత్తం బరువు ఎంతన్న కానీ పట్టింపు లేదు, ఆ పదకొండు కిలోలు తొమ్మిది అయితె చాలు అంటది. అదే బండి, అవే కిలోలు, ఎవరి ఇల్లు ఎట్లున్నదో దాన్ని బట్టి బరువు మారుతది.

పీఈటీ సార్‌ది గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బండి. 250 వాట్ల మోటర్ లోపు ఉంటె దానికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ అక్కర లేదు. ఆయనది బడి ఉన్న ఊరే, మూడు కిలోమీటర్లు, ఆయనకు అది సరిపోతది. కాకపోతె దాంట్ల సీసం బ్యాటరీలు ఐదు, మొత్తం ముప్పై కిలోల పైన, చార్జింగ్ మాత్రం నా దాంట్ల సగం గూడ పట్టదు. బండి ఈడ్చితె అర్థమైతది ఆ బరువంత ఎక్కడ కూసున్నదో.

ఇట్ల ఎన్ని రోజులు కొట్లాడుదామని నవంబర్ల నేనూ లెక్కల సార్ వారం రోజులు బండ్లు మార్చుకున్నం. ఆయన దగ్గర నుంచి తాళం తీసుకున్నప్పుడు నేనే గెలుస్త అనుకున్న.

మొదటి రోజే ఆరెపల్లి దాటినంక నా మాట సగం పోయింది. ములుగు రోడ్డు అంటే జాతీయ రహదారి 163, ఇసుక లారీలు, పత్తి లారీలు. నా బండి మీదైతె లారీ పక్క నుంచి పోయినప్పుడు గాలికి ఒక జానెడు పక్కకు గుంజుతది, రెండు చేతులు బిగవట్టుకుంట, మూడేండ్ల సంది అది మామూలే అనుకున్న. సార్ బండి మీద లారీ పోయింది, బండి కదల్లే. నిమ్మలంగ పోయింది. ఆ వారమంత నా భుజాలు నొయ్యలే, అది నేను ఆయనకు చెప్పిన గూడ, దాచిపెట్టలే.

మూడో రోజు గూడెప్పాడ్ కాడ రోడ్డు మీద సగం దాకా మక్కలు ఆరవోసి ఉన్నయి. స్లోగ తిప్పుకుందామని కాలు పెట్టిన, కాలు మక్కల మీద జారింది, బండి ఒక పక్కకు వొరిగింది. నా బండి అయితె ఆ వొరుగుకు ఆపేదాన్నే, మస్తు సార్లు ఆపిన. ఇది ఆగలే. మెల్లగ, నా కండ్ల ముందట, పండుకున్నది. దెబ్బేం తాకలే, మక్కలు ఎగదోస్తున్న అమ్మ ఉరికొచ్చింది, ఇద్దరం కలిసి లేపినం. రేకు చిన్న సొట్ట వడ్డది, సార్‌కు చూపెట్టి పైసలిస్త అంటే వద్దన్నడు. ఆ ర్యాంపు మీదికి మాత్రం వారమంత మా ఆయనే ఎక్కించిండు.

అవుతల నా బండి మీద లెక్కల సార్ ఏం చెప్పిండంటే, ఊర్ల సందులల్ల హాయిగ ఉన్నది కానీ గుంతల మీద నడుం ఇరుగుతుంది మేడం, బరువు లేదు కదా ఎగురుతుంది అన్నడు. దీని మీద నేను చానా చదివిన, అందుకే ఆపి చెప్పిన. సార్, స్ప్లెండర్ 112 కిలోలు, నా బండి అంతే కదా, అది ఎందుకు ఎగురది? దాని చక్రం 18 ఇంచులు, మనవి 12. చిన్న చక్రం గుంతల పూర్తిగ దిగుతది, పెద్దది దాటుకొని పోతది. ఇంకోటి, నా బండి మోటర్ వెనక చక్రం లోపలనే ఉన్నది, మీది చక్రం బయట. చంకల బిడ్డనెత్తుకొని పది కిలోలు మోసుకుంట ఎంత దూరమన్న నడుస్తం, అదే పది కిలోలు కాళ్ళకు కడితె గడప దాటలేం. షాకప్‌లకు పైన ఉన్న బరువు వేరు, కింద చక్రానికి ఉన్న బరువు వేరు. పైన బరువుంటె బండి కుదురుగ ఉంటది, కింద బరువుంటె ప్రతి గుంతకు ఆ బరువంత ఎగిరి దిగుతది, దెబ్బ నడుముకు తాకుతది. సార్ కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత నోట్‌బుక్ తీసి బొమ్మ గీసుకున్నడు.

చక్రంల మోటర్ ఉంటే ఇంకో తిప్పలు. ఒక్కసారి నా వెనక టైరు కోసుకపోయింది, పంక్చర్ కాదు, పక్కన నిలువున చీలింది. రోడ్డు పక్కన షాపాయన కూసుండి చూసిండు, నట్టు దాకా చెయ్యి పెట్టిండు, అక్కడ నుంచి లావు వైరు లోపలికి పోతున్నది, చెయ్యి వెనకకు తీసుకున్నడు. "మేడం ఇది ఇప్పితె వైర్లు ఇప్పాలె, ఏదన్న ఒకటి తెగితె నా పేరు చెప్తరు, నేను ముట్టను" అన్నడు. ఆయన తప్పేం లేదు. నాలుగు వందలకు అయ్యే పని, ఆటో ట్రాలీ మాట్లాడుకొని హన్మకొండ దాకా వేసుకపోయిన. ముంగట చక్రం అయితె ఆయన పది నిమిషాలల్ల మార్చేటోడు.

నీళ్ళ సంగతి చెప్పకపోతె మన వరంగల్ ముచ్చట కాదు. 2023 జులై చివర్ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64.98 సెంటీమీటర్ల వాన వడ్డది కదా, ఆ వానలకే హంటర్ రోడ్డు దిక్కు మా పిన్ని వాళ్ళింట్లకు నీళ్ళొచ్చినయి, బండి సీటు దాకా మునిగి రాత్రంత నీళ్ళల్లనే ఉన్నది. బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటది, దానర్థం మీటరు లోతు నీళ్ళల్ల అరగంట ఉంచినా లోపలికి నీళ్ళు పోవు అని. రాత్రంతకు కాదు. అయినా ఆ బ్యాటరీకి ఏం కాలే. పోయినయి ఏంటివంటే హారన్, స్విచ్చులు, చార్జింగ్ సాకెట్. సాకెట్ల టార్చ్ వేసి చూస్తె రాగి పిన్నుల మీద పచ్చగ, చెరువు మెట్ల మీద పాచి లెక్క పట్టి ఉన్నది. పిన్ని వాళ్ళు మంచి పని చేసిండ్రు, మెకానిక్ విప్పి చూసేదాకా చార్జింగ్ పెట్టలే. తడిసిన బండి ఎవరిదైనా సరే ఎండిందనుకొని ప్లగ్ పెట్టద్దు. 2025 అక్టోబర్ల మొంథా తుఫాన్ వచ్చినప్పుడు మళ్ళ అదే గల్లీ, ఈసారి ముందుగాలనే బండి తీసుకపోయి మా ఇంట్ల పెట్టిండ్రు.

నా బండికి మూడేండ్లల్ల వచ్చిన రిపేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్న. వెనక టైర్లు రెండు, ముందు ఫోర్క్ బుష్‌లు, చార్జర్ ఫ్యాను, ఆ ప్యానెల్, ఇంకా సైడ్ స్టాండ్ సెన్సార్. సెన్సార్ ముచ్చట అందరికి తెలియాలె. స్టాండ్ దిగి ఉంటె బండి కదలద్దు అని పెట్టిండ్రు, మంచిదే. కానీ బురద వట్టి స్టాండ్ ఎత్తినా దిగి ఉన్నదనుకుంటది, బండి లైట్లన్ని వెలుగుతయి, కదలది. పొద్దుగాల ఎనిమిదింటికి వానల నిలబడి చున్నీ కొసతోని తుడిచి తుడిచి పోయిన నేను. ఇప్పుడు డిక్కీల పాత టూత్ బ్రష్ ఉంటది. బ్రేకు ప్యాడ్లు మాత్రం ఇంకా ఒక్కసారే మార్చిన, యాక్సిలేటర్ వదిలితె మోటరే బండిని ఆపుతది కాబట్టి. బ్యాటరీ కొత్తల ఫుల్ చార్జికి 95 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 83, 84.

ఇప్పుడు చూడండి, ఆ కాగితం మీద రేకు వల్ల ఆగేది ఏమున్నది? టైరా, సెన్సారా, ఫ్యానా? టంగ్ మనే రేకు దేన్నీ ఆపలే. బరువు దేనికి పెట్టిండ్రు అన్నదే అడగాలె. 2022 ఎండాకాలం బండ్లు కాలిన వార్తలు చూసి మా అత్తమ్మ ఇంట్ల చార్జింగే పెట్టనియ్య అన్నది, నేను బండి కొనుడు ఆపుకున్న. ఆ తర్వాత బ్యాటరీ బండ్ల భద్రతకు ఉన్న ఏఐఎస్ 156 రూల్స్ గట్టిగ చేసి 2022 డిసెంబర్ల కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగిలినయి పెట్టిండ్రు, సెల్స్‌కు, బ్యాటరీ డబ్బాకు, చార్జర్‌కు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్ మన ఎండకు ఎక్కువ ఓర్చుకుంటయి, ఎక్కువ ఏండ్లు వస్తయి, కాకపోతె అంతే చార్జికి బరువు ఎక్కువ. ఆ బరువు నేను ర్యాంపు మీద సంతోషంగ నెట్టుత. గట్టి చట్రం కోసం, పెద్ద చక్రం కోసం రెండు కిలోలు పెరిగినా నెట్టుత. సప్పుడు కోసం నెట్టను.

మా చెల్లెకు గిదే చెప్పిన. నువ్వు టెస్ట్ రైడ్‌కు పోయినప్పుడు షోరూం ముందట చక్కర్ కొట్టి రాకు. సెంటర్ స్టాండ్ నువ్వొక్కదానివే వెయ్యి, దించు. ఆపి ఉన్న బండిని వెనకకు పది అడుగులు గుంజు. మోటర్ చక్రంలనా బయటనా అడుగు, వెనక చక్రం ఎవరు ఇప్పుతరు అడుగు, మీ నర్సంపేటల ఇప్పేటోళ్ళు ఉన్నరా అడుగు. తెలంగాణల 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు కాబట్టి ఆగమాగం కావాల్సిన పని లేదు, రెండు మూడు చూసి తీసుకో.

మామయ్య నిన్న ర్యాంపు కాడ కూసొని మేస్త్రీ తోని మాట్లాడుతుండు, ఇంకో మూడు అడుగులు ముంగటికి గుంజి వాలు తగ్గిస్తె ఎంతయితది అని. ఎనిమిది వేలు అన్నడంట. ఆదివారం సిమెంట్ వస్తది.