ఈసారికి బేస్ క్యాంపే
నేపాల్‌లో ట్రెక్కింగ్‌కి ఎటు వెళ్లాలి: ఎవరెస్ట్ అడుగున ఉండే బేస్ క్యాంపా, అన్నపూర్ణ కొండల్ని చుట్టివచ్చే సర్క్యూటా? నెల రోజులు నలిగాను. నిన్న సాయంత్రం శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద నడుస్తుంటే తేలిపోయింది.

మనసు మాత్రం సర్క్యూట్ వైపే లాగింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటి దిగితే ముక్తినాథ్ గుడి, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. గుడి వెనక 108 నీటి ధారలు. "ఆ ధారల నీళ్లు ఒక్క చెంబుడు తేరా నాన్నా" అంటూ అమ్మ ఇత్తడి మరచెంబు తళతళా తోమి నా బ్యాగ్ పక్కన పెట్టేసింది.

కానీ ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం ఎక్కిన రోజు మర్చిపోలేను. 3,800 మీటర్ల దగ్గరే కణతల్లో సుత్తితో కొట్టినట్టయింది. బూటు లేసు కట్టుకుందామని వంగితే కళ్లు తిరిగాయి. సముద్రం పక్కన పెరిగిన ఒళ్లు కదా! మా వైపు పెద్ద కొండంటే మందస దాటాక వచ్చే మహేంద్రగిరి, అదే 1,501 మీటర్లు. 5,400 దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దానిలో సగమే.

బేస్ క్యాంప్ కూడా 5,364 మీటర్లు, ఎత్తులో తేడా ఏమంత లేదు. తేడా అంతా దారిలోనే. అక్కడ వెళ్లిన దారినే తిరిగొస్తాం. దారిలో నామ్చే అనే ఊళ్లో ఒక రోజు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవచ్చు, తల నొప్పి పెరిగితే వెంటనే దిగిపోవచ్చు. థొరాంగ్ లా అయితే తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టి, అదే రోజు అవతల 1,600 మీటర్లు దిగాలి. 2014 అక్టోబర్ మంచు తుపాను ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

రాత్రి అమ్మకి చెప్పాను. ముక్తినాథ్‌కి జీపు రోడ్డు ఉంది, వచ్చే ఏడాది నిన్నే తీసుకెళ్తానన్నాను. ఏమీ అనలేదు. మరచెంబు తీసి దేవుడి గూట్లో పెట్టుకుంది.