అత్తయ్యగారు అడిగిన ఒక్క మాట

రాత్రి పదకొండున్నరయింది. యూరప్ ప్రయాణానికి సర్దుతున్న సూట్‌కేసు ఇంకా హాల్లోనే తెరిచి ఉంది. అందరూ పడుకున్నారు, నాకే కన్ను మూతపడట్లేదు. భోజనాల దగ్గర అత్తయ్యగారి మీద విసుక్కున్నాను.

ఆవిడ అడిగింది పెద్ద విషయమేం కాదు. "అక్కడ చలా, వానా, ఒక్క మాట చెప్పమ్మా, దాన్నిబట్టి చీరలు సర్దుకుంటాను" అన్నారు. "ఒక్క మాటలో తేలేదైతే ఎప్పుడో చెప్పేదాన్ని కదండీ" అనేశాను. ఆవిడ మారు మాట్లాడలేదు. లేచి, పొద్దున్న నేను పెట్టిన ఉన్ని స్వెట్టరు పెట్టెలోంచి తీసి మంచం మీద పెట్టారు. ట్రావెల్స్ వాళ్ళిచ్చిన కాగితం తెచ్చి, "ఇదిగో, ఆహ్లాదకరం అని రాశారుగా" అన్నారు.

ఆ మాట చూస్తేనే నాకు ఒళ్ళు మండుతోంది. వియన్నా, సాల్జ్‌బర్గ్, వెనిస్, మూడు ఊళ్ళకీ కలిపి ఒకటే లైను: సెప్టెంబరు, 15 నుంచి 25 డిగ్రీలు, ఆహ్లాదకరం. డెబ్భై రెండేళ్ళ మనిషి ఆ లైను నమ్మి నేత చీరలు మడతపెట్టుకుంటున్నారు. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి "సగటు అంతే మేడం" అన్నాడు. వియన్నాలో పగలు సగటున 21, 22 ఉంటుంది, కాదనను. తెల్లవారుజామున 12కి దిగుతుందని ఎందుకు రాయరు? సాల్జ్‌బర్గ్ వానకి అక్కడి వాళ్ళు ఒక పేరే పెట్టుకున్నారు, ష్న్యూర్ల్‌రేగెన్ అని, అంటే దారాల వాన. సన్నగా, తెగకుండా, పైనుంచి దారాలు వేలాడేసినట్టు గంటల తరబడి పడుతుంది. అదైనా రాయొచ్చు కదా. వెనిస్‌లో అప్పటికింకా దోమలుంటాయి. పొద్దు రోజుకి 3 నిమిషాలకు పైగా తగ్గిపోతుంటుంది, నెల మధ్యకొచ్చేసరికి సాయంత్రం ఏడుంపావుకల్లా వియన్నాలో సూర్యుడు ఉండడు, ఆ వెంటనే చలి మొదలు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఇవి కదా కావాల్సింది!

నాకింత కోపం రావడానికి 2024 కూడా కారణమే. ఆ సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మీద పడింది. పిన్ని వాళ్ళు కింది వాటా మొత్తం వదిలేసి మేడ మీద కూర్చున్నారు. మా టికెట్లేమో మార్చిలో కొన్నవి. మానేద్దామంటే పిన్నే "మీరుండి నీళ్ళు తోడతారా, వెళ్ళిరండే" అంది. మనసంతా బెజవాడలో పెట్టుకుని వియన్నాలో దిగాం. దిగిన రోజు 30 దాటిన ఎండ. మా అబ్బాయి బుజ్జిగాడు ట్రాములో చెమటతో తడిసిపోయాడు. నాలుగు రోజులు తిరిగేసరికి పగలే 10 డిగ్రీలు, గొడుగు నిలవనివ్వని గాలి. గదిని వెచ్చబెట్టే రేడియేటర్ ముట్టుకుంటే మంచుముక్కలా ఉంది, ఇంకా వేసే కాలం రాలేదట. ఉన్న చున్నీలన్నీ వాడికే చుట్టాను.

ఉత్తరం నుంచి దిగిన చల్లగాలి, వేసవంతా కాగిన మధ్యధరా సముద్రం మీది తేమ, రెండూ కలిసి ఆ తుఫాను పుట్టిందని తర్వాత చదివాను. బోరిస్ అని పేరు పెట్టారు. వియన్నాకి పడమటున్న సాంక్ట్ పోల్టెన్ వైపు అయిదు రోజుల్లో 300 మి.మీ. దాటి కురిసింది. అటు మీదుగా పోవాల్సిన మా సాల్జ్‌బర్గ్ రైలు రద్దయింది. వియన్నా ఊరి మధ్యలో వీన్ నది ఉంది చూశారూ, మామూలప్పుడు వెడల్పాటి రాతి కాలవలో మడమ మునిగేంత నీళ్ళు పారుతుంటాయి. 15వ తారీకు ఆదివారం అది గట్లు ఒరుసుకుంటూ పోతోంది. నది పక్కనే నడిచే యు4 మెట్రోని కొంత దూరం ఆపేశారు. వంతెన దగ్గర నిలబడి చూస్తే అదే మట్టి రంగు. పిన్ని పంపిన వీడియోలో వాళ్ళ ఫ్రిజ్ చుట్టూ తిరిగిన నీళ్ళ రంగు. బుజ్జిగాడు నా చెయ్యి పట్టుకుని "అమ్మా, బుడమేరు ఇక్కడికి కూడా వచ్చిందా?" అన్నాడు. వాడికేం చెప్పానో గుర్తులేదు. కాళ్ళు వణికాయని మాత్రం గుర్తుంది.

ఇక్కడిదాకా రాశాక అనిపిస్తోంది, ఆ ఒక్క వారాన్ని తెచ్చి నేను అత్తయ్యగారి పెట్టెలో సర్దుతున్నానేమో. అలాంటి వాన అక్కడ ప్రతి సెప్టెంబరూ పడదు. ఆ వారంలోనే మళ్ళీ ఎండ కాసింది కదా! వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం తోటలో బెంచీ మీద కూర్చుంటే వీపుకి వెచ్చగా తగిలింది. నా చేతి మీద సన్నటి దారం వాలింది, వెలుగులో మెరిస్తే తప్ప కనపడనంత సన్నం. పిల్ల సాలీళ్ళు ఇలాంటి రోజుల్లో దారం వదిలి గాలిలో తేలుతూ ఊరు మారతాయని మేమున్న ఇంటావిడ చెప్పింది. సెప్టెంబరులో వచ్చే ఆ వెచ్చటి రోజుల్ని ఆల్ట్‌వైబర్‌జొమర్ అంటారట, ముసలమ్మల వేసవి. ఆ రోజుకైతే ఆహ్లాదకరం అన్న మాట సరిపోతుంది. మళ్ళీ సెప్టెంబరులోనే వెళ్దామని ఈయన్ని పోరింది కూడా నేనే.

అయినా ఆ కాగితం రాసినవాళ్ళని మాత్రం క్షమించలేను.

రేపు కాఫీ ఇచ్చేటప్పుడు ఆవిడకి చెప్తాను. నేత చీరలే పెట్టుకోండి, స్వెట్టరు మాత్రం పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి, గొడుగు నేను మోస్తాను అని. మేజోళ్ళ సంగతే ఇంకా తేలలేదు. చెప్పుల్లోకి మేజోళ్ళేమిటి అంటారు, బూట్లు వేసుకోమంటే వినరు.