తెల్లరంగు ట్యూబు పక్కన పెట్టాక

జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ గీసిన అల బొమ్మని ఫోన్ కవర్ల మీదో టీ షర్టుల మీదో మీరూ చూసే ఉంటారు. నలభై దాటాక బొమ్మలు నేర్చుకుందామని కూర్చున్న నేను మొదట దాన్నే ఎంచుకున్నాను. పెద్ద కారణమేం లేదు. రంగులు తక్కువ కదా, ఒక్క నీలం ట్యూబుతో గట్టెక్కవచ్చనుకున్నాను.

1831 ప్రాంతంలో వచ్చిన బొమ్మ అది. అప్పటికి హోకుసాయ్‌కి డెబ్భై ఏళ్లు. ఫుజి కొండ మీద వేసిన 'ముప్ఫై ఆరు దృశ్యాల'లో ఒకటి (పేరుకి ముప్ఫై ఆరే, జనానికి నచ్చడంతో తర్వాత ఇంకో పది కలిపారు). గోడంత ఉంటుందనుకున్నాను గానీ సుమారు 26 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు, అంతే. నా ఏ3 షీటులో అంచులు వదిలినా పట్టేసింది.

రెండేసి సెంటీమీటర్లకి గడులు గీశాను, అడ్డంగా 19, నిలువుగా 13. అయినా తప్పు చేశాను. కింద ముందువైపు లేచే చిన్న అల అచ్చం ఫుజి లాగే ఉంటుంది, నెత్తిన తెలుపుతో సహా. రెండింటి గడులూ కలగాపులగమై, నా ఫుజి అలకి పోటీగా లేచింది. కొండ అంత చిన్నగా ఉంటేనే అల భయపెడుతుందని చెరిపేటప్పుడు అర్థమైంది. బొమ్మలో మూడు పడవలున్నాయన్న సంగతీ అప్పుడే గమనించాను. ఎడో నగరానికి (ఇప్పటి టోక్యో) తాజా చేపలు చేరవేసే పడవలట. అందులో మనుషులు తెడ్లు పట్టుకుని వంగిపోయి ఉన్నారు. ఇన్నేళ్లుగా అలని చూశాను గానీ వాళ్లని చూడలేదు!

ఇక రంగు. ప్రష్యన్ బ్లూ శనగగింజంత తీసినా గిన్నెడు నీళ్లు నీలమైపోతాయి. నాలుగు రోజులు గోళ్లకి వదల్లేదు. ఆఫీసులో "ఇంట్లో బట్టలకి నీలిమందు పెడుతున్నావా" అని ఆటపట్టించారు.

అసలు టెన్షన్ నురగతో వచ్చింది. నీలం ఆరాక తెల్ల పోస్టర్ కలర్ వేశాను. కింది నీలం పైకి లేచి, నురగ కాస్తా పెరుగు విరిగిన మజ్జిగలా తయారైంది. ఒక షీటు పోయింది. రెండోదీ పోయింది. అప్పుడు గానీ ఈ బొమ్మ ఎలా తయారైందో చదవాలనిపించలేదు. ఇది కుంచెతో వేసిన పెయింటింగే కాదు, చెక్క అచ్చు. హోకుసాయ్ గీసిస్తే, చెక్కేవాళ్లు చెర్రీ చెక్క మీద చెక్కారు, అచ్చు వేసేవాళ్లు రంగుకో చెక్క చొప్పున కాగితం మీద అద్దారు. నురగకి ఎవరూ తెలుపు పూయలేదు. ఆ మేర చెక్కని తొలిచేశారు, రంగు అంటక కాగితమే తెల్లగా మిగిలింది.

మూడో షీటు మీద తెల్ల ట్యూబు ముట్టుకోలేదు. సన్న బ్రష్‌తో నురగ చుట్టూ గీత గీసుకుని, బయట మాత్రమే నీలం నింపాను. ఒక్క ఆదివారం మొత్తం దానికే సరిపోయింది. ఆయన నురగ పులిగోళ్లలా ఉంటుంది, నాది పనసతొనల్లా వచ్చింది. అయినా తెలుపు మాత్రం తెలుపే.

గాల్లోకి చిందే ఆ చిన్న చిన్న చుక్కలున్నాయే, వాటికి చోటు వదలడం మర్చిపోయాను. వాటికోసం తెల్ల ట్యూబు మూత మళ్లీ తీశాను.