పంచదార తక్కువ అంటే ఎన్ని చెంచాలు?

ఒడిశాలోని మా బరంపురంలో ఏప్రిల్ మొదలైతే ఎవరింటికి వెళ్లినా, ఏ దుకాణం ముందు నిలబడినా, మంచినీళ్ల కంటే ముందు తియ్యటి గ్లాసే చేతికి వస్తుంది. తెలుగువారి ఇళ్లలో శ్రీరామనవమి పానకం, ఏప్రిల్ నడిమికి ఒడియావారి పణా సంక్రాంతినాడు మారేడు పండు గుజ్జుతో చేసే బేల పణా, సాయంత్రం బజారులో రబ్డీ, కొబ్బరి కోరు, చెర్రీ ముక్కలు వేసిన లస్సీ, రోడ్డు పక్కన చెరకు రసం, ఇవి కాక పొద్దున్నుంచి రాత్రి దాకా టీలు. నాకు టైప్ 2 మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. నాలాంటివారిలో చాలామంది అన్నం ఎంత తిన్నామో, మిఠాయి ముట్టామో లేదో జాగ్రత్తగా గుర్తు పెట్టుకుంటారు గాని తాగినదాన్ని లెక్కలో వేసుకోరు. పెళ్లిలో లడ్డూ వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమనిషే, గుమ్మం దగ్గర ఇచ్చిన రంగు షర్బత్ ఆలోచించకుండా తాగేస్తాడు. తాగేది కూడా భోజనంలో భాగమేనని, దాని లెక్క గ్లాసు చేతికి వచ్చాక కాక ఆర్డరు చెప్పేటప్పుడే తేలాలని నా అభిప్రాయం.

నమలవలసిన పని లేని తీపి కడుపులో ఎక్కువసేపు నిలవదు. అన్నంలోనో పండులోనో ఉన్న పిండి పదార్థం, పీచుతో కలిసి, కొంత ఆలస్యంగా జీర్ణమై రక్తంలోకి చేరుతుంది. నీళ్లలో కరిగిన పంచదారకు అటువంటి అడ్డు ఏదీ లేకపోవడం వల్ల అది చిన్న ప్రేగులోకి త్వరగా దిగి, అరగంట నుంచి గంట లోపలే రక్తంలో చక్కెరను బాగా పైకి తీసుకుపోతుంది. బెల్లం వేస్తే ఫరవాలేదన్న నమ్మకం మా వైపు బలంగా ఉంది. బెల్లంలో కాస్త ఖనిజాలు ఉన్నమాట నిజమే గాని అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే కనుక, పానకం తాగినా షర్బత్ తాగినా గ్లూకోమీటరుకు పెద్ద తేడా కనపడదు. తేనెలోని చక్కెర రకం వేరైనా ఫలితం దాదాపు అంతే.

ముందుగా టీ గురించి చెప్పాలి, ఎందుకంటే రోజువారీ నష్టంలో పెద్ద వాటా దానిదే. రోడ్డు పక్క బడ్డీలో పాలు, టీపొడి, పంచదార ఒకే గిన్నెలో మరుగుతూ ఉంటాయి. ఆ గిన్నె ముందు నిలబడి పంచదార తక్కువ వేయమని అడగడం వల్ల ఉపయోగం లేదు, అది ఎప్పుడో కరిగిపోయింది. పాపం, కొట్టువాడు మన మాట కాదనలేక తల ఊపి, అదే టీ గ్లాసులో పోసి ఇస్తాడు. విడిగా కాచి ఇస్తారా అని అడగాలి, వీలు కాదంటే మానుకోవాలి. తెలుగు రాని కొట్టులో నేను "చిని న పకేఇ దిఅ" అంటాను, పంచదార వేయకుండా ఇవ్వమని. విడిగా కాచేచోట కూడా తక్కువ అన్న మాటకు కొలత లేదు. మూడు చెంచాలు వేసే చెయ్యి రెండు వేసి, తక్కువే వేశానని నిజాయితీగానే అంటుంది. చిన్న చెంచాడు పంచదార దాదాపు 5 గ్రాములు. రెండు చెంచాల లెక్కన రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాములు అవుతుంది. పాలలోను పండ్లలోను సహజంగా ఉండేది కాక, పెద్దవారికి రోజు మొత్తానికి 25 గ్రాముల లోపే చక్కెర ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, అది కూడా మధుమేహం లేనివారిని కలుపుకొని చెప్పిన మాట. అందువల్ల నేను తక్కువ అనడం మానేసి, "వద్దు" అనో "అర చెంచా" అనో అంటున్నాను. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములకు కాస్త తక్కువగా ఉంటుంది గనుక పంచదార లేని టీ కూడా సున్నా కాదు, కాని అది భరించదగిన లెక్క.

లస్సీ విషయంలో లెక్క అంత తేలిక కాదు. పెరుగు ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. ఆ పైన పంచదార, ఇంకా పైన రబ్డీ, అందులో మరగకాచిన పాలతో పాటు మళ్లీ పంచదార, చివర గులాబీ రంగు సిరప్ ధార. ఇన్ని పొరలలో ఎన్ని గ్రాములు ఉన్నాయో చేసేవాడికే తెలియదు, మనకెలా తెలుస్తుంది? పెరుగులోను రబ్డీలోను ఉన్న కొవ్వు ఆ తీపిని కాస్త ఆలస్యం చేస్తుంది తప్ప తగ్గించదు. పైగా చక్కెర పెరిగి ఉండే సమయాన్ని సాగదీస్తుంది. ఉప్పు, జీలకర్ర వేసిన పెరుగు లస్సీ ఇస్తారా అని అడిగితే, మొదట ఆశ్చర్యపోయినా, చాలా కొట్లలో చేసి ఇస్తారు. రక్తపోటు కూడా ఉన్నవారు ఆ ఉప్పు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. బేల పణా మాత్రం ఏడాదికి ఒకసారి వచ్చే పండుగ ప్రసాదం. మారేడు గుజ్జు, అరటిపండు, ఛెనా (పాల విరుగుడు), కొబ్బరి, మిరియాలు, బెల్లమో పంచదారో కలిపిన దాన్ని వద్దనడం నాకు మనసొప్పదు. చిన్న గిన్నెడు తీసుకుని, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గిస్తాను, ఖాళీ కడుపుతో మాత్రం తాగను.

చెరకు రసం దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. శుభ్రత కోసం ఐసు వద్దనేవారు చాలామంది, ఆ జాగ్రత్త మంచిదే. కాని ఐసు ఆక్రమించే చోటంతా రసమే నిండుతుంది గనుక, అదే గ్లాసుకు చక్కెర పెరుగుతుంది. 250 మిల్లీలీటర్ల రసంలో చక్కెర 30 గ్రాములు దాటుతుంది, నిమ్మకాయ పిండినా అల్లం వేసినా అది తగ్గేది కాదు. దీన్ని నేను పూర్తిగా వదిలేశాను. గోపాలపురం తీరంలో దొరికే కొబ్బరి బొండం ఇంతకంటే ఎంతో మెరుగు, ఒక బొండం నీళ్లలో చక్కెర సుమారు 10 గ్రాములే ఉంటుంది. అయితే అందులో పొటాషియం ఎక్కువ. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వైద్యుని అడగకుండా తాగకూడదు.

సీసా పానీయాలకు కనీసం చీటీ ఉంటుంది. అక్కడ ఉన్న అంకె 100 మిల్లీలీటర్లకా, సీసా మొత్తానికా అన్నది చూడాలి. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 250 మిల్లీలీటర్ల సీసాకు అయిదు చెంచాల పైమాట. చక్కెర లేని డైట్ కోలా చక్కెరను పెంచదు. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాలను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినప్పుడు, అప్పటికే మధుమేహం ఉన్నవారిని ఆ సలహా నుంచి మినహాయించింది. అలాగని దాన్ని మంచినీళ్లలా రోజంతా తాగమని నేను అనను.

ఈ ఎండల్లో మరొక సంగతి మరిచిపోకూడదు. రక్తంలో చక్కెర దాదాపు 180 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన) దాటితే మూత్రపిండాలు దాన్ని వెనక్కు పట్టి ఉంచలేక మూత్రంలోకి వదులుతాయి, దానితో పాటు నీరు పోతుంది, గొంతు ఎండుతుంది. ఆ దాహానికి తియ్యటి పానీయం తాగితే చక్కెర ఇంకా పెరిగి దాహం రెట్టింపవుతుంది. అందుకని ఎండన పడి వచ్చినప్పుడు ముందు మంచినీళ్లు గాని పలుచటి మజ్జిగ గాని తాగి, ఆ తరువాతే మరొకటి కావాలో వద్దో ఆలోచించుకోవడం మేలు. ఏ పానీయం తన ఒంటికి ఎంత చేస్తున్నదో తెలుసుకోగోరేవారు రెండు గంటల దాకా ఆగకుండా గంటకే పరీక్షించుకోవాలి, లేకపోతే శిఖరం దాటిపోయాక చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది. వేలు గుచ్చుకునే ముందు చెయ్యి కడుక్కోవాలి. వేలికి అంటిన రసమో సిరపో కూడా మీటరు లెక్కలోకి వస్తుంది.

బంధువుల ఇళ్లలో మొహమాటం గురించి ఎక్కువ చెప్పను. గడప దాటుతూనే "వదినా, నాకు మజ్జిగ చాలు" అంటే వదినగారికీ శ్రమ తప్పుతుంది. కలిపి తెచ్చిన షర్బత్‌ను వద్దన్నప్పుడే మనసులు నొచ్చుకుంటాయి.

తీపి తాగి తీరవలసిన సమయం కూడా ఒకటి ఉంది. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి, తప్తపాణి ఘాట్ దారిలో బస్సు ఆగిపోయి భోజనం ఆలస్యమైతే, చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలుకావచ్చు. చక్కెర 70 కంటే దిగితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి, చక్కెర ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తీసుకోవాలి, 70 దాటాక ఏదైనా తినాలి. అప్పుడు డైట్ కోలా ఎందుకూ పనికిరాదు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వాడేవారికి పంచదార నీళ్లు సైతం వెంటనే పనిచేయవు, ఎందుకంటే సుక్రోజ్‌ను విడగొట్టే ఎంజైమునే ఆ మందులు ఆపుతాయి. వారికి గ్లూకోజే కావాలి. తమ మాత్రల్లో ఆ పేర్లు ఉన్నాయో లేదో చీటీ మీద చూసుకుని, కలిపి ఇచ్చే మాత్రలైతే మందుల కొట్టులో అడిగి, సంచిలో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదని, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని కూడా పక్కన ప్రయాణించే ఇంటివారికి బయలుదేరే ముందే చెప్పి ఉంచాలి.