ఇంటి దగ్గరే ఉండి ఇంటర్నేషనల్ బిజినెస్ డిగ్రీ: నేను ఎలా ప్రిపేర్ అయ్యానంటే

ఇంటికి దగ్గర్లోని కాలేజీలో ఇంటర్నేషనల్ బిజినెస్ అండ్ మేనేజ్‌మెంట్ చదువుతూ పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విదేశాలకు వెళ్లకుండా ఈ సబ్జెక్టు ఏం వస్తుందని అనేవాళ్లు అంటూనే ఉంటారు, పట్టించుకోకండి. మీరెన్ని దేశాలు తిరిగారని పేపర్లో ఎవరూ అడగరు. ఫలానా కంపెనీ ఎగుమతులతో ఆగకుండా అక్కడే ఫ్యాక్టరీ ఎందుకు పెట్టింది అని అడుగుతారు.

అందుకే సిద్ధాంతాలను నిర్వచనాలుగా కాకుండా ప్రశ్నలుగా చదవండి. విదేశంలోకి కంపెనీ ఏ దారిలో వెళ్లాలో చెప్పే డన్నింగ్ ఓఎల్ఐ (ఓనర్‌షిప్, లొకేషన్, ఇంటర్నలైజేషన్) అంటే మూడు ప్రశ్నలే. మనకంటూ ప్రత్యేకమైన బలం ఉందా, ఆ దేశంలోనే తయారు చేస్తే లాభమా, ఆ పని ఇంకొకరికి అప్పగించకుండా మనమే చేసుకోవాలా? మూడింటికీ అవునంటే నేరుగా పెట్టుబడి, లొకేషన్ లాభం లేకపోతే ఎగుమతి, మొదటిది ఒక్కటే ఉంటే లైసెన్సింగ్. దాని పక్కనే 1977 నాటి ఉప్సాలా మోడల్ పెట్టుకుని చదివితే, ఒకటి లెక్క వేసి నిర్ణయించే కంపెనీ గురించి, రెండోది అనుభవం పెరిగేకొద్దీ అడుగులు వేసే కంపెనీ గురించి చెబుతున్నాయని అర్థమవుతుంది. కేసులో, అంటే పేపర్లో ఇచ్చే కంపెనీ ఉదాహరణలో, ఏది సరిపోతుందో, ఎందుకో రాయండి, మార్కులు అక్కడే పడతాయి.

దేశాల మధ్య వ్యాపారం ఎందుకు లాభమో చెప్పిన ఆర్థికవేత్త రికార్డోను మాత్రం కాగితం మీద వేసి చూడాల్సిందే. 1817 నాటి ఆ ఉదాహరణలో ఇంగ్లండ్‌కు బట్టకు 100 మంది, వైన్‌కు 120 మంది ఏడాది శ్రమ కావాలి, పోర్చుగల్‌కు 90, 80 చాలు. రెండిట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి, అయినా వ్యాపారం ఇద్దరికీ లాభమే, ఎందుకంటే ఒక వంతు వైన్ కోసం ఇంగ్లండ్ 1.2 వంతుల బట్ట వదులుకోవాలి, పోర్చుగల్ సుమారు 0.89 వదులుకుంటే సరిపోతుంది. ఈ భాగహారం మీ చేత్తో మీరు చేస్తే ఇక మర్చిపోరు.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇంకోటర్మ్స్‌కు, అంటే సరుకు రవాణాలో ఖర్చు, రిస్కు అమ్మేవాళ్లవా కొనేవాళ్లవా అని చెప్పే అంతర్జాతీయ రూల్స్‌కు, ఇవ్వండి. 2020 రూల్స్‌లో మొత్తం 11 ఉన్నాయి, నాలుగు సముద్ర, జలమార్గ రవాణాకే. అందరూ తికమకపడేది సీఐఎఫ్ (కాస్ట్, ఇన్సూరెన్స్ అండ్ ఫ్రైట్) దగ్గర. గమ్యం రేవు దాకా రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లవి, కానీ బయలుదేరే రేవులో సరుకు ఓడలోకి ఎక్కగానే రిస్కు కొనేవాళ్లది. ఓడ దారిలో మునిగితే నష్టం కొన్నవాళ్లదే, వాళ్లే క్లెయిమ్ చేసుకోవాలి. పైగా వేరే ఒప్పందం లేకపోతే సీఐఎఫ్‌లో వచ్చేది కనీస కవరే, అదే ఏ రవాణాకైనా వాడే సీఐపీలో (క్యారేజ్ అండ్ ఇన్సూరెన్స్ పెయిడ్ టు) అయితే 2020 నుంచి విస్తృత కవర్ ఇవ్వాలి. ఖర్చు ఎక్కడ మారుతుంది, రిస్కు ఎక్కడ మారుతుంది అని రెండు గీతలు గీసుకుని చదవండి.

దేశాల సంస్కృతులను స్కోర్లతో పోల్చిన హాఫ్‌స్టెడ్ గురించి రాసేటప్పుడు ఆ స్కోర్లు దేశాల సగటులు, మనుషుల గుణాలు కావు అని ఒక్క వాక్యం తప్పకుండా చేర్చండి.

ఇంట్లో ఉంటే ఎప్పుడూ ఖాళీగానే ఉన్నామనుకుంటారు, కాబట్టి చదివే వేళలు ముందే చెప్పేయండి. హాస్టల్లో వాళ్లకు దొరికే రాత్రి చర్చలు మనకు ఉండవు, అది నిజంగానే లోటు. ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్స్‌తో ఫోన్లో ఒక కేసు తీసుకుని, ఒకరు కంపెనీ ఆ దేశంలోకి వెళ్లాలని, ఇంకొకరు వద్దని వాదించుకోండి, మర్నాడు పక్షాలు మార్చుకోండి.